చక్రాలకు కొత్త రంగు

మైపాడు సముద్రం నెల్లూరుకు దగ్గర. ఆదివారం వస్తే చాలు, జనం కార్లలో, ఆటోల్లో అక్కడికి పోతారు. ఆ దారిలో ఒక ఊరు ఉంది. ఆ ఊళ్ళో ఒక వదినమ్మ ఉంది. ఆమెకు అసలు పేరు వేరే ఉంది. కానీ వీధిలో అందరికీ ఆమె వదినమ్మే.

వదినమ్మ భర్త కారు నడుపుతాడు. కారు సొంతానిదే. కొత్తది కాదు. ఒకరి దగ్గర పాతది కొన్నాడు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి, సముద్రానికి కిరాయికి తిప్పుతాడు. ఆ కారే ఆ ఇంటికి అన్నం పెడుతుంది.

కారు ఒళ్ళు బాగానే ఉంది. చక్రాలే బాగా లేవు. టైరు మధ్యలో ఇనప రిమ్ము ఉంటుంది కదా! దాని మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఎర్రగా తుప్పు పట్టింది. ఒకసారి పెళ్ళివారు వచ్చి కారు చుట్టూ తిరిగి చూశారు.

"చక్రాలే ఇట్లా ఉంటే లోపల ఇంకెట్లా ఉంటుందో!" అన్నారు. వేరే కారు మాట్లాడుకుని పోయారు. రెండు రోజుల కిరాయి పోయింది.

తుప్పు ఎందుకు పడుతుంది? ఇనుముకు గాలి, నీరు రెండూ తగలాలి. అప్పుడు తుప్పు పడుతుంది. ఉప్పు కూడా కలిస్తే ఇంకా తొందరగా పడుతుంది. వదినమ్మకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. చేపలు కోసిన కత్తిపీటను కడగకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. సముద్రం గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఇసకలో తిరిగే కారు చక్రాలకు రోజూ ఉప్పు అంటుతుంది. రంగు ఉన్నంతవరకు ఇనుముకు గాలీ నీరూ తగలవు. రంగు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. పక్కనున్న రంగు కిందికి కూడా పాకుతుంది. కాబట్టి చక్రానికి రంగు అందం కోసమే కాదు.

భర్త నెల్లూరులో రంగులు వేసే షెడ్డులో అడిగాడు. ఒక్కో చక్రానికి 800 రూపాయలు అన్నారు. 4 చక్రాలకు 3,200 రూపాయలు. పైగా కారు 2 రోజులు షెడ్డులోనే ఉండాలి. ఆ 2 రోజులు కిరాయి ఉండదు.

"మనమే వేసుకుందాం వదినా. స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. పైన నొక్కితే రంగు వస్తుంది. అంతే!" అన్నాడు మరిది.

అంతే కాదు అని తర్వాత తెలిసింది.

మరిది పట్నం పోయి సరుకు తెచ్చాడు. ప్రైమర్ డబ్బాలు 2. వెండి రంగు డబ్బాలు 3. పైన వేసే క్లియర్ డబ్బాలు 2. మొత్తం 7 డబ్బాలు. ప్రైమర్ అంటే అడుగు పూత. ఇనుమును పట్టుకుని ఉండేది అదే. క్లియర్‌కు రంగు ఉండదు. వెండి రంగు మీద అద్దంలా నిలబడి దాన్ని కాపాడుతుంది. ఇవి కాక గరుకు కాగితాలు, అంటించే టేపు, థిన్నర్ సీసా తెచ్చాడు.

వదినమ్మ చీటీ చూసింది. ఒక్కో డబ్బా 290 రూపాయలు అని రాసి ఉంది. తర్వాత డబ్బా తిప్పి చూసింది. డబ్బా మీద అంతా ఇంగ్లీషే. కానీ అంకెలు అంకెలే కదా! 260 అని అచ్చు వేసి ఉంది.

"ఇదేంది అబ్బాయ్? డబ్బా మీద 260 ఉంది. చీటీలో 290 ఉంది."

డబ్బా మీద ఎం.ఆర్.పి. అని రాసిన ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. 2011 నుంచి అమల్లో ఉన్న ప్యాకెట్ సరుకుల నియమాలు ఆ మాటే చెబుతున్నాయి. ఒక్కో డబ్బాకు 30 రూపాయలు. 7 డబ్బాలకు 210 రూపాయలు. మరిది మర్నాడు చీటీ, డబ్బా రెండూ పట్టుకుపోయాడు. దుకాణాయన మాట్లాడకుండా 210 రూపాయలు తిరిగి ఇచ్చాడు.

ఇప్పుడు లెక్క చూడండి. 7 డబ్బాలు 1,820 రూపాయలు. కాగితాలు, టేపు, థిన్నర్ కలిపి 240 రూపాయలు. మొత్తం 2,060 రూపాయలు. షెడ్డులో అడిగింది 3,200. మిగిలింది 1,140 రూపాయలు.

కారు ఒక్కరోజు కూడా ఆగకూడదు. అందుకు వదినమ్మ ఒక ఉపాయం చెప్పింది. డిక్కీలో అదనపు చక్రం ఉంటుంది. దాన్ని స్టెప్నీ అంటారు. ఆ కారు స్టెప్నీ మిగతా చక్రాల సైజుదే. టైరు కూడా మంచిదే. ముందు స్టెప్నీకి రంగు వెయ్యాలి. అది ఆరాక దాన్ని కారుకు బిగించి, ఒక పాత చక్రం విప్పాలి. దానికి రంగు వెయ్యాలి. అది ఆరాక ఇంకొకటి. ఇట్లా మారుస్తూ పోతే 4 చక్రాలకు రంగు వేస్తే చాలు. చివరి పాత చక్రం స్టెప్నీగా డిక్కీలోకి పోతుంది. కారు జాకీ మీద రోజుల తరబడి నిలబడదు. జాకీ మీద ఉన్న బండి కిందికి మనిషి పోకూడదు. పిల్లలు ఉన్న ఇంట్లో అట్లా బండిని వదిలి పెట్టకూడదు.

చక్రం కారుకు ఉండగానే రంగు కొట్టొచ్చు కదా అని మరిది అన్నాడు. కొట్టకూడదు. చక్రం వెనకాల బ్రేకులు ఉంటాయి. రంగు వాటి మీద పడితే బ్రేకు సరిగా పట్టదు.

శనివారం సాయంత్రం స్టెప్నీని సబ్బు నీళ్ళతో కడిగారు. రిమ్ము మూలల్లో ఇసక, గ్రీజు, తారు ముక్కలు ఉన్నాయి. పాత పళ్ళ బ్రష్షుతో తోమారు. మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగితేనే ఉప్పు పోతుంది. జిడ్డు, ఉప్పు మిగిలితే పైన ఎంత మంచి రంగు వేసినా లేచిపోతుంది.

ఆదివారం పొద్దున్నే తుప్పు గీకారు. గరుకు కాగితం వెనకాల ఒక అంకె ఉంటుంది. 80, 240, 400, ఇట్లా. అంకె చిన్నదైతే కాగితం గరుకు. అంకె పెద్దదైతే నునుపు. జల్లెడలాగే అనుకోవచ్చు. ముందు 80 నంబరుతో తుప్పు గీకాలి. తర్వాత 240 నంబరుతో ఆ గీతలు పోయేట్టు రుద్దాలి. చివర 400 నంబరు. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉన్న చోట ఇనుము కనిపించేదాకా గీకక్కర్లేదు. పైపైన గరుకు చేస్తే చాలు. నున్నటి గోడకు సున్నం పట్టనట్టే నున్నటి పాత రంగు మీద కొత్త రంగు పట్టదు.

వదినమ్మ మరిదిని పొడిగా గీకనివ్వలేదు. కాగితాన్ని నీళ్ళలో ముంచి గీకమంది. 400 లాంటి నునుపు కాగితాల్లో నీళ్ళకు తట్టుకునే రకం అడిగి తెచ్చుకోవాలి. 80 నంబరు గీకేటప్పుడు రిమ్మునే తడుపుతూ ఉంటే చాలు. ఎందుకంటే పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. సీసం విషం. దుమ్ములో కలిసి ముక్కులోకి, అన్నంలోకి పోతుంది. పసిపిల్లల మెదడు ఎదగకుండా చేస్తుంది. కడుపుతో ఉన్న తల్లి నుంచి బిడ్డకు కూడా చేరుతుంది. మన దేశంలో ఇళ్ళకు, అలంకారానికి వేసే రంగుల్లో సీసం బాగా తగ్గించాలని 2016లో నియమం పెట్టారు. అది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 10 లక్షల పాళ్ళ రంగులో సీసం 90 పాళ్ళు మించకూడదు. కానీ ఆ నియమం ఇంటి రంగులకే. బండి మీద ఉన్న పాత రంగు ఎప్పటిదో, ఎక్కడిదో ఎవరికి తెలుసు? తడిపి గీకితే దుమ్ము లేవదు.

రిమ్ము అంచున చిన్న బరువు ముక్కలు అతికించి ఉంటాయి. అవి చక్రం ఊగకుండా తిరగడానికి పెట్టినవి. అవి సీసం ముక్కలు కావచ్చు. వాటిని ఊడదియ్యకూడదు, గీకకూడదు.

ఆ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంది. మరిది పెళ్ళాం. ఆమెకు ఎనిమిదో నెల. వదినమ్మ ఆమెను రెండిళ్ళ అవతల వాళ్ళ పిన్నమ్మ ఇంట్లో కూర్చోబెట్టింది. గీకిన నీళ్ళను బావి దగ్గర, కోళ్ళు తిరిగే చోట పొయ్యలేదు. పాత బకెట్లో పట్టి, మురికి అడుగున పేరుకున్నాక దాన్ని గుడ్డలో మూటగట్టి పిల్లలకు అందకుండా పక్కన పెట్టారు. అందరూ చేతులు కడుక్కున్నాకే మంచినీళ్ళు తాగారు.

తుప్పు పోయాక ఇనుమును బాగా చూడాలి. పైపై తుప్పు అయితే భయం లేదు. తుప్పు లోతుగా తిని గుంటలు పడితే, పగులు కనిపిస్తే, అంచు వంగిపోతే ఆ రిమ్ముకు రంగు వెయ్యకూడదు. రంగు ఆ పగులును కప్పుతుంది గానీ అతికించదు. అట్లాంటి రిమ్మును మెకానిక్కుకు చూపించాలి. ఈ రిమ్ము బాగానే ఉంది.

గీకిన ఇనుమును రాత్రంతా ఉంచకూడదు. సముద్రం గాలికి తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. ఆ రోజే ప్రైమర్ వెయ్యాలి. పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఆరబెట్టి, థిన్నర్ అద్దిన గుడ్డతో చివరిసారి తుడిచారు. ఆ తర్వాత వేలు కూడా తగలనివ్వలేదు. వేలికి ఉండే జిడ్డు చాలు, రంగు పట్టకుండా పోవడానికి.

టైరుకు రంగు అంటకూడదు. దానికి పాత పేపర్లు కప్పారు. కానీ టైరూ రిమ్మూ కలిసే గుండ్రటి అంచు దగ్గర పేపరు నిలవదు. టేపు వంకర తిరగదు. ఎట్లా? వదినమ్మ కూతురు తొమ్మిదో తరగతి. ఆ పిల్ల గూట్లోంచి నాయన పేకముక్కల కట్ట తెచ్చింది. ఒక్కో ముక్కను టైరుకూ రిమ్ముకూ మధ్య సందులోకి గుచ్చింది. ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేట్టు చుట్టూ పెట్టింది. పువ్వు రేకుల్లా నిలబడ్డాయి. రంగు ముక్కల మీద పడుతుంది, టైరు మీద పడదు.

"ఇన్నేళ్ళకు ఈ పేకముక్కలు ఇంటికి పనికొచ్చాయి" అంది అత్త. కొడుకు వినేట్టే అంది.

గాలి పట్టే వాల్వుకు టేపు చుట్టారు. నట్ల రంధ్రాల సంగతి ఎవరికీ తోచలేదు. అది గుర్తుంచుకోండి.

పది గంటలయింది. మంచు తడి ఆరింది. ఎండ ఇంకా ముదరలేదు. సముద్రం గాలి ఇంకా లేవలేదు. ఆ వేళే స్ప్రేకు మంచిది. గాలి తడిగా ఉంటే రంగు తెల్లగా మసకబారుతుంది. ఎర్రటి ఎండలో కొడితే రంగు చక్రానికి తగిలేలోపే ఆరి, గరుకుగా పడుతుంది. గాలి లేస్తే రంగు పక్కింటి గోడకు పోతుంది. వేపచెట్టు నీడ బాగుంటుంది గానీ ఆకులు, పూత రాలి తడి రంగులో పడతాయి. అందుకని గోడ నీడన పాత గోనెపట్టా పరిచి చక్రాన్ని పెట్టారు.

మరిది డబ్బా తీసుకుని ఊపడం మొదలుపెట్టాడు. లోపల గోళీ టకటకా కొట్టుకుంటోంది.

ఆ వాకిట్లోనే, ఆరేడు అడుగుల అవతల, కట్టెల పొయ్యి మండుతోంది. దాని మీద చేపల పులుసు. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. అయినా పులుసు కట్టెల మీదే బాగుంటుందని అత్త నమ్మకం.

వదినమ్మ రెండో డబ్బా చేతిలో తిప్పి చూస్తోంది. ఒక బొమ్మ దగ్గర ఆగింది. అది మంట బొమ్మ.

"పాపా, ఈ బొమ్మ పక్కన ఏం రాసుంది చదువు."

కూతురు ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. "చాలా తొందరగా అంటుకుంటుందంట. మంట దగ్గర, నిప్పురవ్వల దగ్గర వాడొద్దంట. ఎండలో పెట్టొద్దంట. 50 డిగ్రీల వేడి దాటకూడదంట. ఖాళీ అయినా పొడవొద్దు, కాల్చొద్దు అని ఉందమ్మా."

"ఆగు అబ్బాయ్! నొక్కొద్దు!" అంది వదినమ్మ.

మరిది వేలు మీట మీదే ఉంది. తీసేశాడు.

డబ్బాలో ఒక్క రంగే ఉంటే పైన నొక్కగానే ఎందుకు చిమ్ముతుంది? లోపల గ్యాసు ఉంటుంది. చాలా డబ్బాల్లో ఆ గ్యాసు మన వంట సిలిండర్లో ఉండే రకమే. దాన్ని గట్టిగా అదిమి పెడితే నీళ్ళలా మారుతుంది. మీట నొక్కగానే దారి దొరికి, ఉబ్బి, రంగును ముందుకు తోస్తుంది. రంగులో కలిసిన థిన్నర్ కూడా మండేదే. రంగు పొగమంచులా చిమ్ముతుంది కదా, దానితో పాటు ఈ గ్యాసు, ఆవిరి కూడా బయటకు వస్తాయి. అవి గాలి కన్నా బరువు. నేల మీద పాకుతూ పోతాయి. పొయ్యి కూడా నేల మీదే ఉంటుంది.

"పులుసు సగం ఉడికింది. ఇప్పుడు ఆర్పమంటావా?" అంది అత్త.

"గ్యాసు పొయ్యి మీద ఉడకపెట్టినా తప్పే అత్తా. అదీ మంటే. ఇది అయ్యేదాకా ఇంట్లో ఏ పొయ్యీ వద్దు."

అత్త గొణిగింది. కట్టెలు లాగి నీళ్ళు చల్లింది. బొగ్గుల మీద కూడా చల్లారు. ఇంతలో ఎదురింటి మామ బీడీ నోట్లో పెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. ఆయన్ను గేటు దగ్గరే ఆపి పంపించారు. ఆయనకు కోపం వచ్చింది. రానీ.

ఈ డబ్బా సంగతి ఇంకొకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు దోమల మందు ఇట్లాంటి చిమ్మే డబ్బాల్లో ఇచ్చారు. రంగును డబ్బాలో పెట్టింది తర్వాత, 1949లో. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో సికమోర్ అనే ఊళ్ళో ఎడ్ సేమోర్ అనే రంగుల వ్యాపారి ఉండేవాడు. తన వెండి రంగును కొనేవాళ్ళకు సులువుగా వేసి చూపించడం ఎట్లాగా అని ఆలోచిస్తున్నాడు. అతని భార్య బోనీ, గదిలో మంచి వాసన కోసం చిమ్మే డబ్బా లాగా రంగును కూడా చిమ్మొచ్చు కదా అంది. అట్లా పుట్టింది స్ప్రే రంగు. పేరు ఎక్కువగా ఆయనదే చెబుతారు. మాట ఆమెది.

మరిది ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. గుడ్డ రంగు తుంపరలను కొంత ఆపుతుంది. థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆవిరిని ఆపడానికే చేసిన, బొగ్గు ఫిల్టర్లు ఉండే మాస్కు అయితే ఆపుతుంది. అది లేనప్పుడు బయట, గాలి ఆడే చోట, గాలికి వీపు పెట్టి నిలబడి కొట్టాలి. తల తిరిగినా, కడుపులో తిప్పినా వెంటనే ఆపి దూరంగా పోవాలి. గదిలో తలుపు వేసుకుని ఎప్పుడూ కొట్టకూడదు.

డబ్బాను గోళీ చప్పుడు వచ్చాక ఇంకో 2 నిమిషాలు ఊపాలి. అడుగున దిగిన రంగు అప్పుడే కలుస్తుంది. ముందు అట్ట ముక్క మీద ఒకసారి కొట్టి చూడాలి. డబ్బాకూ చక్రానికీ మధ్య జానెడు దూరం, ఇంకొంచెం ఎక్కువే ఉండాలి.

ప్రైమర్ మరిది కొట్టాడు. అతనికి తొందర. ఒకేసారి అంతా కప్పెయ్యాలని ఒకచోట నిలిపి కొట్టాడు. రంగు గుంపుకట్టి కన్నీళ్ళలా కిందికి కారింది.

"చెయ్యి ఆపావు. అందుకే కారింది" అంది వదినమ్మ.

ఆమెకు ఎట్లా తెలుసు? రోజూ ముగ్గు వేసే చెయ్యి అది. ముగ్గు పిండి పట్టుకుని చెయ్యి ఆపితే అక్కడ కుప్ప పడుతుంది. గీత సన్నగా రావాలంటే చెయ్యి కదులుతూనే ఉండాలి. స్ప్రే కూడా అంతే. చక్రానికి బయటే మీట నొక్కి, చక్రం మీదుగా పోనిచ్చి, అవతలి అంచు దాటాక వదలాలి. మొదటి పూత పల్చగా ఉండాలి. కింద ఇనుము కనిపించినా పర్వాలేదు. 10, 15 నిమిషాలు ఆగి రెండో పూత. మళ్ళీ ఆగి మూడో పూత. ఒక్క మందపు పూత కన్నా మూడు పల్చటి పూతలు గట్టివి.

కారిన చోటును తడిగా ఉండగా తుడవకూడదు. తుడిస్తే అంతా చెదిరిపోతుంది. బాగా ఆరనిచ్చి, 400 నంబరు కాగితంతో రుద్ది, మళ్ళీ పల్చగా కొట్టాలి. వాళ్ళు అట్లాగే చేశారు. ఆ తర్వాత డబ్బా వదినమ్మ చేతికి వచ్చింది. మిగతా చక్రాలన్నీ ఆమే కొట్టింది.

ప్రైమర్ గంట సేపు ఆరింది. వెండి రంగు 3 పూతలు, క్లియర్ 2 పూతలు వేసింది. పని అయ్యాక ప్రతి డబ్బాను తలకిందులు చేసి, ఒట్టి గ్యాసు వచ్చేదాకా రెండు క్షణాలు నొక్కింది. లేకపోతే మీటలో రంగు ఎండి, రేపటికి డబ్బా పనికిరాదు. చేతికి అంటిన రంగును థిన్నర్‌తో కడగలేదు. కొబ్బరినూనె రాసి, తుడిచి, సబ్బుతో కడుక్కుంది. ఖాళీ డబ్బాలను చెత్త కాల్చే చోట వెయ్యలేదు. నిప్పులో పడితే ఖాళీ డబ్బా కూడా బాంబులా పేలుతుంది. మిగిలిన డబ్బాలను కారులో కూడా పెట్టనివ్వలేదు. వేసవిలో ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 50 డిగ్రీలు దాటుతుంది.

ఒక పగలు, ఒక రాత్రి చక్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పేకముక్కలు తీశాక చూస్తే కొత్త చక్రం లాగే ఉంది. మంగళవారం భర్త దాన్ని ముందు ఎడమ వైపు బిగించాడు.

గురువారం మరిది పెళ్ళాన్ని నెల్లూరు ఆసుపత్రికి చూపించడానికి తీసుకుపోయారు. మరిది, వదినమ్మ కూడా కారులో ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ముందు ఎడమ వైపు నుంచి టక్, టక్ అని చప్పుడు వచ్చింది. భర్త బండి పక్కకు ఆపాడు. స్పానర్ తీసి నట్లు తిప్పి చూశాడు.

2 నట్లు చేతి బలం కూడా అక్కర్లేకుండా తిరిగాయి.

అతని ముఖం పాలిపోయింది. మరిది వెనక సీట్లో ఉన్న పెళ్ళాం వైపు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. చక్రం ఊడితే ఏమయ్యేదో ఎవరూ పైకి చెప్పలేదు. నట్లన్నీ మళ్ళీ బిగించి, మెల్లగా నడుపుకుంటూ దారిలో మెకానిక్కు దగ్గరికి పోయారు.

మెకానిక్కు చక్రం విప్పి చూశాడు. నట్టు కూర్చునే గుంటలో వేలు పెట్టి చూపించాడు. అక్కడ రంగు మందంగా పేరుకుని ఉంది.

"నట్టు ఇనుము మీద కూర్చోవాలమ్మా. ఇది రంగు మీద కూర్చుంది. బండి తిరిగేకొద్దీ ఆ రంగు నలిగిపోయింది. నలిగినంత మేర సందు వచ్చింది. నట్టు వదులైంది" అన్నాడు.

చక్రం వెనక వైపు, కారుకు ఆనుకునే చోట కూడా రంగు చిమ్మి ఉంది. అక్కడా ఉండకూడదు. అతను రెండు చోట్లా రంగు గీకేశాడు. నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా, ఎదురెదురుగా బిగించాడు. అట్లా అయితే చక్రం వంకర లేకుండా కూర్చుంటుంది. జాకీ దించాక మళ్ళీ గట్టిగా బిగించాడు.

"50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించుకో. రంగు వేసినా వెయ్యకపోయినా, చక్రం విప్పిన ప్రతిసారీ అంతే" అని భర్తకు చెప్పాడు.

భర్త సరే అన్నాడు. ఆ సంగతి మర్చిపోతాడని వదినమ్మకు తెలుసు. చక్రం విప్పిన ప్రతిసారీ ఆ మాట అతనికి గతంలో కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

రెండో చక్రానికి రంగు వేసేటప్పుడు వదినమ్మ నట్ల గుంటలన్నిటికీ గుండ్రంగా కత్తిరించిన టేపు అతికించింది. వెనక ఆనుకునే చోట పేపరు అంటించింది. టేపు తీశాక ఒక్కో గుంటలో వేలు పెట్టి చూసింది.

తర్వాత పాత క్యాలెండరు కాగితం తిప్పి, కూతురు స్కేలుతో గీతలు గీసింది. చక్రం పేరు, బిగించిన తేదీ, ఆ రోజు కారు మీటరులో ఉన్న అంకె, మళ్ళీ బిగించిన అంకె. 4 గళ్ళు. వదినమ్మ తన చేత్తోనే రాసింది. "ముందు ఎడమ." "ముందు కుడి." "కుడి"లో కొమ్ము మర్చిపోయి, మళ్ళీ పెట్టింది. ఆ కాగితాన్ని కారు తాళంచెవి తగిలించే మేకుకే గుచ్చింది. తాళంచెవి తియ్యాలంటే కాగితం పైకెత్తాలి.

శుక్రవారం తెల్లవారుజామున భర్తకు కిరాయి వచ్చింది. చీకట్లోనే లేచాడు. తాళంచెవి తీశాడు. తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"ఏమ్మే, నిన్న మీటరు ఎంత రాశావు?" అని అడిగాడు.

వదినమ్మ దీపం వేసి చదివి చెప్పింది. అతను స్పానర్ తీసుకుని వాకిట్లోకి పోయాడు.